సమ్మె టెంటు కింద ఐదు స్వరాలు

మానుకోట స్టేషన్ రోడ్డులో ప్రకాశం సేటు కిరాణా దుకాణం ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. పప్పులు, బెల్లం, నూనె డబ్బాలు చుట్టుపక్కల ఊళ్ల చిన్న దుకాణాలకు అక్కడి నుంచే వెళతాయి. ఆ దుకాణం వెనక అర్రలో ఏళ్ల తరబడి కూర్చుని సరుకు తూకం వేయిస్తూ, ఫోన్లో ఆర్డర్లు తీసుకుంటూ, హమాలీలకు చాయ్ పంపుతూ ఉండే మనిషి పేరు వనమాల అని మాత్రం సకల జనుల సమ్మె వచ్చేదాకా ఆ రోడ్డులో చాలామందికి తెలియదు. సేటు భార్య, సాయిప్రియ వాళ్లమ్మ. అంతే.

ఆమె పుట్టింది చిల్పూర్‌లో. చిన్నప్పుడు వాళ్ల వాడలో శనివారం శనివారం భజన జరిగేది. ఆడవాళ్లు పాడవచ్చు, తాళాలు కొట్టవచ్చు. హార్మోనియం మాత్రం మగవాళ్లది. వనమాల ఒకసారి ఆ తెల్లమెట్ల మీద వేలు పెట్టింది. భజన పెద్ద ఏమీ అనలేదు. పెట్టెను ఎత్తి తన అవతలి పక్కన పెట్టుకున్నాడు. తిడితే ఆమె మరచిపోయి ఉండేదేమో. మాటైనా అనకుండా అలా జరపడం మాత్రం మనసులో పెట్టుకుంది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు మూతబడ్డాయి. కొన్నాళ్లకు బస్సులు కూడా డిపో దాటి బయటికి రాలేదు. బజారు ఒకరోజు తెరిస్తే మరునాడు మూసేది. పెద్దరోడ్డు పక్కన టెంటు వేశారు. రోజుకొక సంఘం వచ్చి అక్కడ నిరాహార దీక్షకు కూర్చునేది. వర్తకుల ఇళ్ల ఆడవాళ్ల వంతు వచ్చిన రోజున వనమాల కూడా మెడలో బంతిపూల దండతో వెళ్లి కూర్చుంది.

పాటగాళ్ల వెనక ఒక మూల ప్రేమ్‌చంద్ ఉన్నాడు. ఆర్టీసీ కండక్టరు, గూడూరు అవతలి తండా అతనిది. హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ మిత్రుడి దగ్గర గిటారు నేర్చుకున్నాడు. బస్సులు ఆగిపోవడంతో పొద్దంతా టెంటులోనే ఉండేవాడు. ఆ మధ్యాహ్నం పాడుతున్న మనిషి చరణం ముగించి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ సందులో గిటారు ముందుకు వచ్చింది. తీగలన్నీ కలిసి కాదు, ఒక్కొక్క తీగ, ఒక్కొక్క స్వరం. ఎవరినో నిలదీసి అడుగుతున్నట్టు పైకి ఎక్కి, అక్కడ కాసేపు వణికి, కిందికి దిగింది. ముచ్చట్లు పెట్టుకుంటున్న వాళ్లు ఆగిపోయారు. ఉపవాసంతో గుంజకు ఒరిగి ఉన్న వనమాల నిటారుగా లేచి కూర్చుంది.

సాయంత్రం నిమ్మరసం తాగాక నేరుగా అతని దగ్గరికే వెళ్లింది.

"తమ్మీ, పాట నడుమ నువ్వు గొట్టింది ఏందది?"

"గదా సేటమ్మా? లీడు అంటరు. పాట ఆగినప్పుడు గిటారు మాట్లాడుడన్నట్టు."

"నాకు నేర్పుతవా?"

ప్రేమ్‌చంద్ ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "మీ బిడ్డకా?"

"నాకే. ఇంట్ల గిటారున్నది. నా బిడ్డ మోజుపడి కొనిపిచ్చుకున్నది, చదువుకని హాస్టలుకు పోయింది. అది బీరువ మీద పడి ఉన్నది."

"అయితే కార్డులతోని, అంటే తీగలన్ని కలిపి కొట్టే పట్లతోని మొదలువెడదాం. నాలుగు పట్లు చేతికొస్తే పాడేటోళ్ల వెనక దంచుడే. జల్దిన వస్తది."

"వెనక కొట్టుడు నాకొద్దు. వెనక కూసునుడు నాకు మంచిగనే వచ్చు. ముంగట నడిచేది నేర్పు."

"అది జల్దిన రాదు. ముందుగాల స్కేళ్లు కొట్టాలె. ఎక్కుడు, దిగుడు. ఎక్కుడు, దిగుడు. పాటుండదు, పల్లవుండదు. ఇనేటోళ్లకు పిచ్చిలేస్తది."

"లేవనియ్యి. ఇంకొకటి, సేటమ్మ అనకు. అక్కా అను."

మరునాటి నుంచి పాఠం వనమాల ఇంటి ముందరి గదిలో మొదలైంది. తలుపులు తెరిచే ఉంచింది. అత్త పక్కనే పీట మీద కూర్చుని వత్తులు చేసుకునేది. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప కమ్ములను ప్రేమ్‌చంద్ మెట్లు అనేవాడు. చూపుడు వేలు ఐదో మెట్టుకు కాపలా, ఉంగరపు వేలు ఏడుకు, చిటికెన వేలు ఎనిమిదికి. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఎక్కాలి, మళ్లీ అదే తోవన దిగాలి.

"గిది ఐదు స్వరాల స్కేలు అక్కా. మన సరిగమలల్ల రి లేదు, ధ లేదు. స గ మ ప ని. గీ ఐదింటితోనే ప్రపంచంల సగం లీడు నడుస్తది."

"సగం చాలు. మిగిలిన సగం తర్వాత చూస్త."

తీగలు మీటడానికి కుడిచేతికి పాత రీచార్జి కార్డును ముక్కోణంగా కత్తిరించి ఇచ్చాడు. దానితో ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటాలి. రెండుసార్లు వరసగా కిందికే పోతే మళ్లీ మొదటికి రావాలి. గోడ గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక్క స్వరం. వనమాల చేయి పరుగెత్తేది.

"గడియారం కంటె ముందు ఉరుకొద్దక్కా. స్టేజీ రాకముందే దిగితే కాళ్లిరుగుతయ్," అనేవాడు కండక్టరు.

మొదట్లో తీగ మోగేది కాదు, గురక పెట్టేది. వేలు మెట్టుకు మరీ దూరమైతే గురక, మెట్టు మీదికే వస్తే మూగ. అన్నిటికంటే చిటికెన వేలు ఏడిపించింది. కాపురంలో ఏ పనికీ అక్కరపడని వేలు అది. బస్తా మూతి కట్టినా, పిండి పిసికినా పక్కన నిలబడి చూసేదే. ఇప్పుడు ఎనిమిదో మెట్టు మీద నిలబడమంటే వంకర తిరిగి జారిపోయేది. వనమాల దానిమీద పగబట్టింది. కూర కలుపుతూ, ఫోన్లో ఆర్డరు వింటూ, ఆ ఒక్క వేలినే బల్ల మీద కొడుతూ ఉండేది. వేళ్ల కొనలు గీతలు పడి, బొబ్బలెక్కి, చిట్లిపోయాయి. ఎండుమిర్చి బస్తాలో చేయి పెట్టిన రోజున కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"ఎందుకే ఈ గోస?" అంది అత్త.

"కాయలు కాసినంక నొప్పి ఉండదట అత్తమ్మా."

"పాట రాకముందే కాయలొచ్చినయ్. అదేం చదువో!" అని అత్త కొబ్బరినూనె గిన్నె ఆమె ముందుకు తోసింది.

సాయిప్రియకు ఫోన్లో సంగతి తెలిసింది. "అమ్మా, నా దోస్తులకు చెప్పకు. నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్యి. నీ గిటారు నేను తీసుకున్న. మళ్ల అడగకు."

బజారు నవ్వలేదు. అంతకంటే చెడ్డపని చేసింది. వర్తకుల్లో పెద్దమనిషి బిక్షపతి ఒక సాయంత్రం మూసిన షట్టరు ముందు ప్రకాశాన్ని పట్టుకున్నాడు.

"ప్రకాశం, లంబాడోడు దినాం మీ ఇంట్లకొచ్చుడేంది? ముందరి గదిల ఆడమనిషికి ఎదురుంగ కూసుండుడేంది? బజార్ల ఏమనుకుంటున్నరో నీకు ఎరుకేనా?"

ప్రకాశం చెడ్డవాడు కాదు. భార్య మీద చేయెత్తినవాడు కాదు, గొంతెత్తిన రోజులు కూడా తక్కువ. కాని బజారు మాటంటే అతనికి భయం. తండ్రి నుంచి దుకాణంతో పాటు ఆ భయం కూడా వచ్చింది. ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే అన్నాడు. "రేపటి సంది బందు వెట్టు."

"ఎందుకు?"

"ఎందుకంటే ఎందుకే."

"నేను నేర్చుకునుడు తప్పా, నేర్పేటోని కులం తప్పా? ఒకటి చెప్పుండ్రి."

ప్రకాశం గోడ వైపు చూశాడు. "మంది నోరు మూయిస్తమా?"

"పొద్దున మీరు గూడ టెంటుకాడికి పోయి మన రాష్ట్రం మనకు గావాలె అన్నరు. మనోళ్లంతా ఒక్కటే అన్నరు. సాయంత్రానికి మనోడు మన ఇంట్లకు రావొద్దంటున్నరు. ఆ రాష్ట్రం వస్తే అందుల ఎవలుంటరు? బిక్షపతి ఒక్కడేనా?"

"వనమాలా! ఇంట్లకు రానిచ్చేది లేదన్న. అంతే."

"ఇంట్లకే గదా?"

"ఇంట్లకే."

"సరె. అయితే నేనే బయటికి పోత."

పొద్దున్నే వనమాల గిటారు పట్టుకుని గడప దిగింది. దానికి సంచి ఉంది. కావాలనే తొడగలేదు. స్టేషన్ రోడ్డు పొడవునా, సగం తీసిన షట్టర్ల ముందు నుంచి, ఆ పసుపుపచ్చ చెక్క ఎండకు మెరుస్తుండగా నడిచింది. చూసినవాళ్లు చూశారు. టెంటులో పాటగాళ్లు ఇంకా రాలేదు. ప్రేమ్‌చంద్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, నా తోని మీకు మాటొస్తది."

"మాట ఎప్పుడో వచ్చింది. స్కేలే వస్తలేదు. కూసో."

అలా వనమాల చదువు నడిరోడ్డు మీద సాగింది. ఇంట్లో తప్పు మోగితే అత్త ఒక్కతే వినేది. ఇక్కడ ఊరంతా విన్నది. సైకిళ్లవాళ్లు ఆగేవారు, చాయ్ హోటలు ముందు బెంచీల మీదివాళ్లు మెడలు తిప్పేవారు. "సేటమ్మ తీగలు తెంపుతున్నది రా!" అని ఎవడో అరిచేవాడు. మొదటి రోజు ఆమె చెవులు మండిపోయాయి. చీర కొంగు నెత్తిమీదికి లాక్కుంది. తరువాత కొంగు తీగలకు అడ్డం వస్తున్నదని తీసేసి నడుములో దోపుకుంది. మళ్లీ కప్పుకోలేదు.

టెంటు వ్యవహారం చూసే బక్కయ్య సారు రిటైరైన మాస్టారు, గట్టి ఉద్యమకారుడు. ఆయనకు ఈ ఎక్కుడు దిగుడు నచ్చలేదు.

"అమ్మా, ఇది ఉద్యమం. ఇక్కడ పాట గావాలె, డప్పు గావాలె. గీ మోతేంది? గిటారు మనది గాదు."

ప్రేమ్‌చంద్ నెమ్మదిగా అడిగాడు. "సార్, మీ చేతిల మైకు ఏ ఊళ్ల తయారైంది?"

మాస్టారుకు కోపం రాబోయింది. వనమాల తల ఎత్తింది. "సార్, డప్పు మాదే, గిటారు మాదే. ఏది నేర్చుకోవాల్నో మేం జెప్పుకుంటం. ఇన్నేండ్లు ఎవలో జెప్పిండ్రనే గదా గీ టెంటు వేసుకున్నం?"

టెంటు పక్కన ఉడకబెట్టిన పల్లీలు అమ్మే ఓదెమ్మ గట్టిగా నవ్వింది. "కొట్టనియ్యి సారూ! ఆమె తప్పు కొట్టినప్పుడల్లా జనం ఆగి చూస్తుండ్రు, నా గంప ఖాళీ అయితంది."

మాస్టారు కూడా నవ్వక తప్పలేదు. ఒక్క షరతు పెట్టాడు, ఉపన్యాసాలు నడిచేటప్పుడు వాయించవద్దని. ఉపన్యాసాలు చాలానే నడిచేవి. ఆ సమయంలో వనమాల తీగలు మీటకుండా ఎడమచేతి వేళ్లతో మాత్రమే స్కేలు ఎక్కి దిగేది. ఎవరికీ వినపడని ఆ సాధన వల్లనే చిటికెన వేలు దారికి వచ్చిందని ప్రేమ్‌చంద్ తరువాత చెప్పేవాడు.

ఇంట్లో ప్రకాశం ఆమెతో మాట్లాడటం మానేశాడు. వనమాల పొద్దున వంట చేసి, దుకాణం తెరిచిన రోజున ఆర్డర్లు తీసుకుని, ఆ తరువాతే టెంటుకు వెళ్లేది. పనిలో వంక పెట్టడానికి ఎవరికీ సందు ఇవ్వలేదు.

బతుకమ్మ పండుగ దాటిన తరువాత ఒకరోజు రాస్తారోకో పిలుపు వచ్చింది. ఆడవాళ్లు పెద్దరోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు, మగవాళ్లు వాళ్ల వెనక నిలబడ్డారు. వనమాల గిటారుతో సహా కూర్చుంది. లారీలు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి లేవమన్నారు. ఎవరూ లేవలేదు. ఆడపోలీసులు రెక్కలు పట్టి ఒక్కొక్కరిని వ్యానులోకి ఎక్కించారు. గిటారు ఇక్కడ పెట్టి ఎక్కమంటే వనమాల దాన్ని రెండు చేతులతో గుండెకు పట్టుకుంది. "నన్ను ఎక్కిస్తే ఇది గూడ ఎక్కాలె," అంది. చివరికి రెండూ ఎక్కాయి.

ఊరి బయట ఒక ఫంక్షన్ హాల్లో అందరినీ దింపి సాయంత్రం దాకా కూర్చోమన్నారు. ఏదో పెళ్లి జరిగి పోయినట్టుంది, వేదిక మీద వాడిన పూలు ఇంకా వేలాడుతున్నాయి. కరెంటు లేదు. పసిపిల్లలను ఇంట్లో వదిలి వచ్చిన వాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. మగవాళ్లను వేరే చోటికి తీసుకెళ్లారు, ప్రేమ్‌చంద్ ఆ గుంపులో ఉన్నాడు. నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతులు ఎండిపోయాక హాలు మూగబోయింది.

"వనమాలా, ఊకె కూసున్నవేంది?" అంది ఓదెమ్మ. "గా ఎక్కుడు దిగుడే కొట్టరాదూ."

"పాట రాదు నాకు, ఓదెమ్మక్కా."

"పాట మేం గూడ అడుగుతలేం. అదే కొట్టు."

వనమాల వేదిక అంచున కూర్చుంది. గడియారం లేదు. ఓదెమ్మ లేచి చప్పట్లు అందుకుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కొట్టే చప్పట్లే. మరొకామె కలిసింది, మరికొందరు కలిశారు. ఆ చప్పట్ల మీద వనమాల ఐదో మెట్టు దగ్గర చూపుడు వేలు పెట్టింది. కిందికి ఒకటి, పైకి ఒకటి. లావు తీగ, దాని పక్క తీగ. చిటికెన వేలు నిలబడాల్సిన చోట నిలబడింది. గురక లేదు, మూగ లేదు. సన్న తీగ చివర దాకా ఎక్కింది, జారకుండా దిగింది. మళ్లీ ఎక్కింది.

తలుపు దగ్గరి కానిస్టేబులు లోపలికి వచ్చాడు. "అమ్మా, పాటలు బంద్ చేయాలె. పైనుంచి ఆర్డరున్నది."

"పాట గాదు సార్, పాఠం," అంది వనమాల చేయి ఆపకుండా. "పాఠానికి కేసుంటదా?"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. అతను ఏం చేయాలో తెలియక, నవ్వు దాచుకుంటూ, తలుపు దగ్గరికే వెళ్లిపోయాడు. చప్పట్ల వేగం పెరిగింది. ఆ వేగానికి వనమాలకు స్కేలు వరసగా ఎక్కడం చాలలేదు. నడిమి స్వరం దగ్గర ఆగింది, వెనక్కి వచ్చింది, ఒకదాన్ని రెండుసార్లు కొట్టింది. మూడో తీగను ఉంగరపు వేలితో పైకి నెట్టింది. తీగ వంగి, స్వరం సాగి, ఏడుపుకూ కేకకూ నడుమ ఉన్న చప్పుడొకటి వచ్చింది. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. తీగ వంచడం వచ్చే ఏటి పాఠమని ప్రేమ్‌చంద్ అన్నాడు. వచ్చే ఏటి దాకా ఆగే ఓపిక ఆ క్షణాన ఆమెకు లేదు.

అప్పటికే ప్రకాశం వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరెవరినో పట్టుకుని, భార్య ఒక్కదాన్ని ముందుగా వదిలేలా మాట్లాడుకుని వచ్చాడు. చప్పట్లు ఆగాక పిలిచాడు.

"వనమాలా, రా. నిన్ను పంపిస్తమన్నరు."

"అందర్ని పంపిస్తండ్రా?"

"నిన్ను మాత్రం."

"అయితే మీరు పోండ్రి. అత్తమ్మకు గోళీలు వేసుకునే యాళ్ల అయింది. నేను వీళ్లతోనే వస్త."

హాలంతా అతని వైపే చూస్తున్నది. బయటికి వెళ్లి, ఇంటికి ఫోన్ చేసి తల్లికి గోళీల సంగతి చెప్పి, మళ్లీ వచ్చి వెనక వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నాడు. అందరినీ వదిలేదాకా లేవలేదు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. రైలు గేటు దాటాక అతనే అన్నాడు. "నడుమల ఒక తీగ వంకరగ మోగింది గదా?"

"వంకర గాదు. కావాల్నని వంచిన."

"మంచిగున్నది," అన్నాడు ప్రకాశం, రోడ్డు వైపే చూస్తూ.

అంతటితో అతను మారిపోయాడని కాదు. ప్రేమ్‌చంద్‌ను ఇంట్లోకి పిలవడానికి అతనికి ఇంకా ఏడాది పట్టింది. బిక్షపతి ఎదురుపడితే తల దించుకునే అలవాటు పోవడానికి ఇంకా ఎక్కువ కాలమే పట్టింది. వనమాల దేనికోసమూ ఆగలేదు.

సమ్మె ముగిసింది. రాష్ట్రం రాలేదు. టెంటు విప్పిన రోజున బక్కయ్య సారు గుంజలు లెక్కపెట్టకుండానే వెళ్లిపోయాడు, ఎవరికీ ఎవరి ముఖం చూడబుద్ధి కాలేదు. ప్రేమ్‌చంద్ మళ్లీ ఖాకీ వేసుకుని భూపాలపల్లి బస్సు ఎక్కాడు. అతనికి సెలవు దొరికిన రోజున వనమాల గూడూరు బస్సెక్కి తండాకే వెళ్లేది. మొదటిసారి వెళ్లినప్పుడు ప్రేమ్‌చంద్ తల్లి రామి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. సేటమ్మ తింటుందో తినదో అని దూరంగా నిలబడి చూసింది. వనమాల తిని ఇంకో రొట్టె అడిగింది. ఆ సాయంత్రం రామి తమ భాషలో ఒక పాట పాడింది. కూతురును అత్తవారింటికి పంపేటప్పుడు ఏడుస్తూ పాడే పాట. వనమాల తన ఐదు స్వరాలతో వెంట నడవబోయింది. ఒక చోట పాట పక్కకు తిరిగింది, స్కేలు నేరుగా పోయింది, రెండూ ఢీకొన్నాయి.

"గామె ఏదో కొత్త స్వరం వేస్తున్నది తమ్మీ. నా దగ్గర లేదు."

"రి అక్కా అది. చూపుడు వేలు ఒక్క మెట్టు ఎనుకకు జరుపు, దొరుకుతది."

"స్కేలు దాటొద్దంటివి?"

"నేర్చుకునేదాక దాటొద్దన్న. ఇప్పుడు స్టేజీ లేనికాడ గూడ ఆపొచ్చు."

వేలు వెనక్కి జరిపితే ఆ స్వరం నిజంగానే దొరికింది. రామి పాట ఆపి, వంగి, గిటారు బొక్కలోకి చూసింది, తన గొంతు అందులోకి ఎట్లా పోయిందోనని. తరువాత ఏడుపు పాటను నవ్వుకుంటూ పూర్తి చేసింది.

రెండేళ్లు గడిచాక జనగామలో పెద్ద ధూంధాం, ఉద్యమ పాటల సభ, పెట్టారు. ప్రేమ్‌చంద్ బృందానికి పిలుపు వచ్చింది. అతను వనమాలను వెంట తీసుకెళ్లాడు. వేదిక చూసే మనిషి ఆమెను చూసి, "అక్క పాడుతదా?" అని అడిగాడు.

"పాడదు. లీడు కొడుతది. నేను ఎనుక కార్డులు గొడుత," అన్నాడు ప్రేమ్‌చంద్.

"ఆడమనిషి లీడా? మైదానం నిండ జనమున్నరన్నా. తేడా అయితే పరువు పోతది."

"ఎవల పరువు? మీదా, నాదా?" అంది వనమాల. "నాదైతే నేను చూసుకుంట. గిటారుకు వెట్టే వైరు ఇటియ్యి."

వేదిక మీద పాట చరణం ముగిసింది. ఆమె వంతు వచ్చింది. లైట్ల వెలుగులో మెట్లు కనపడక, ఒక మెట్టు కిందనే వేలు పెట్టింది. మొదటి స్వరమే తప్పు, అంత పెద్ద స్పీకర్లలో. వేలు మాత్రం ఆగలేదు. తీగ మీది నుంచి ఎత్తకుండా అలాగే పై మెట్టుకు జార్చింది. తప్పు సాగి సాగి ఒప్పులో కలిసింది. ఎక్కడెక్కడి నుంచో ఈలలు వచ్చాయి. ఆ తరువాత వాయించింది గొప్పగా ఉందని ఆమె ఎప్పుడూ అనలేదు. రెండు చోట్ల గురక వచ్చిందని తానే చెబుతుంది. కాని దిగివచ్చేదాకా ఎవరి వెనకా లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన సాయిప్రియ జనంలో నిలబడి, పక్కనున్న దోస్తుల రెక్కలు గుంజుతూ, "మా అమ్మ! గామె మా అమ్మ!" అని అరుస్తూనే ఉంది.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఎండాకాలం చివరలో ప్రేమ్‌చంద్ తన చెల్లెలు శిరీషను తీసుకొచ్చాడు. డిగ్రీ పిల్ల, మానుకోట హాస్టల్లో ఉంటున్నది, లీడు నేర్చుకుంటానని పట్టుబట్టింది. అతనికి డ్యూటీలతో తీరిక లేదు.

వనమాల ఆమెను వెనక అర్రలోకి తీసుకెళ్లలేదు. దుకాణం ముందరి అరుగు మీదే చాప పరిచింది. బజారు నిండుగా ఉన్న సమయం. సరుకు కోసం వచ్చినవాళ్లు చెప్పుల దగ్గర ఆగి, ఈ అరుగు మీద ఆ పిల్లెవరని గుసగుసలు పోతున్నారు. గల్లా దగ్గర ప్రకాశం తల ఎత్తి చూసి, వచ్చినవాళ్లతో, "ఏం గావాలె చెప్పుండ్రి," అన్నాడు. శిరీష బిక్కచచ్చి, తీగను వినీ వినపడనట్టు మీటింది.

"ఎందుకట్ల దొంగతనం జేసినట్టు కొడుతున్నవు?" అంది వనమాల.

"తప్పు పోతదేమోనక్కా. అందరు ఇంటుండ్రు."

"ఇననియ్యి. తప్పైతే తప్పే ఇంటరు. గట్టిగ గొట్టు."

శిరీష గట్టిగా కొట్టింది. తీగ స్టేషన్ రోడ్డంతా వినపడేలా గురక పెట్టింది. వనమాల వంగి, ఆ పిల్ల చిటికెన వేలును పట్టుకుని ఎనిమిదో మెట్టు పక్కకు జరిపింది.

"ఆఁ. మళ్ల కిందికెళ్లి మొదలువెట్టు."